ముందు స్లాబు మీద నీళ్లు నిలిపి చూడండి, లాన్ సంగతి తర్వాత

హన్మకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలి ఉత్తరం:

"మాది 260 గజాల జాగాలో మా మామగారు 1994లో కట్టించిన ఇల్లు. స్లాబు 120 గజాలుంటుంది. ముందు వాకిలి, వెనుక పెరడు, పెరట్లో చేదబావి. మామగారు మూడేళ్ల కింద పోయారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది. బాబు హైదరాబాద్‌లో స్థిరపడితే నాలుగైదేళ్లలో ఇల్లు అమ్మి వెళ్దామని మావారంటున్నారు. అప్పటిదాకా మేం మంచిగా ఉండాలి, అమ్మేనాటికి మంచి ధర పలకాలి. 8 లక్షలు పక్కన పెట్టుకున్నాం. ఇంటీరియర్ చేసే అతను వచ్చి చూసి ఎస్టిమేట్ ఇచ్చాడు. గదులన్నిటికీ ఫాల్స్ సీలింగ్, హాల్లో చెమ్మ పట్టిన గోడకు పీవీసీ ప్యానెళ్లు, ముందు కార్పెట్ లాన్, చిన్న ఫౌంటెన్, పెరడంతా టైల్స్, బావి పూడ్చివేత. అత్తమ్మ బావి ముట్టొద్దంటోంది. మొక్కలేమో కోతులు బతకనివ్వట్లేదు. మాకేం చేయాలో తోచట్లేదు."

సమాధానం:

అమ్మా, ఇంత ఉత్తరంలో నా కన్ను ఆగింది 'చెమ్మ పట్టిన గోడ' దగ్గర. మీకొచ్చిన ఎస్టిమేట్‌లో ఆ గోడను దాచడానికి పైసలున్నాయి, ఆరబెట్టడానికి లేవు. ప్యానెల్ వేసిన రోజు గోడ అందంగానే ఉంటుంది. వెనుక మాత్రం ప్లాస్టరు ఉబ్బుతూనే ఉంటుంది. గాలాడక బూజు పడుతుంది, చెదలకు చోటు దొరుకుతుంది. నాలుగేళ్లకు ఇల్లు చూడటానికి వచ్చినాయన ఒక్కడే రాడు, వెంట తెలిసిన సుతారిని తెచ్చుకుంటాడు. అతను ప్యానెల్ మీద వేలితో కొట్టి, "దీని వెనుక ఏముంది?" అంటాడు. బేరం అక్కడి నుంచే దిగుతుంది.

వరంగల్‌లో ఇప్పుడు ఇల్లు కొనేవాళ్లు నీళ్ల సంగతి అడగకుండా ఉండరు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో కాలనీలు మునిగిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. వానకు గల్లీలో నీళ్లాగుతాయా, ఇంట్లోకి ఎప్పుడైనా వచ్చాయా, స్లాబు కారుతుందా? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఫాల్స్ సీలింగ్ లేని ఇల్లు కూడా మంచి ధరకే పోతుంది. అమ్మకం మాట అటుంచి, ఆ నాలుగేళ్లు మీరు, మీ అత్తమ్మ పొడిగా ఉన్న ఇంట్లో, కాస్త చల్లగా ఉన్న ఇంట్లో ఉంటారు. అందుకే మీ డబ్బులో మొదటి వాటా నీళ్లకు పెట్టండి. రెండోది కరెంటుకు, బాత్‌రూముకు, వంటింటికి. తోటకు అన్నిటికన్నా తక్కువ పడుతుంది, అన్నిటికన్నా ఎక్కువ సంతోషాన్నిస్తుంది.

పని మొదలు పెట్టకముందే తేల్చుకోవాల్సింది ఇంకోటుంది. ఇల్లు ఇంకా మీ మామగారి పేరు మీదే ఉందా? అది ఆయన స్వార్జితమై, వీలునామా రాయకుండా పోయి ఉంటే హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అత్తమ్మకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన వాటాలుంటాయి. మీకు ఆడబిడ్డలున్నారో లేదో రాయలేదు. ఉంటే మాత్రం ఈ 8 లక్షలు అందరి ఇంటికీ పెట్టినట్టే. రేపు కొనేవాళ్లకు బ్యాంకు లోను కావాలంటే వారసులందరి సంతకాలూ అడుగుతారు. అత్తమ్మ ఆరోగ్యంగా, నలుగురూ కలిసి మాట్లాడుకునే స్థితిలో ఉండగానే కూర్చోండి. పంపకాల దస్తావేజైనా, హక్కు విడుదల దస్తావేజైనా రాయించి రిజిస్టరు చేయించండి. ఆ తర్వాత కార్పొరేషన్‌లో ఇంటి పన్ను పేరు, కరెంటు మీటరు పేరు మార్పించుకోండి. లింకు డాక్యుమెంట్లు (జాగా చేతులు మారిన పాత దస్తావేజులు), 1994 నాటి పర్మిషన్ ప్లాను ఎక్కడున్నాయో వెతికి ఒక్క ఫైలులో పెట్టండి. అదే ఫైలులో ఇప్పుడు చేయించే పనుల బిల్లులు కూడా ఉండాలి. ఇల్లు అమ్మినప్పుడు లాభం మీద పన్ను కట్టాలి కదా, ఇంటికి శాశ్వతంగా చేర్చిన పనుల ఖర్చును ఆ లెక్కలో తీసేసుకోవచ్చు. రంగులు, చిల్లర రిపేర్లు దానికి రావు. బిల్లు లేకుండా చేతికి డబ్బిచ్చిన పనికి రుజువుండదు.

ఇక గోడ. చెమ్మ ఎటు నుంచి వస్తుందో తెలియకుండా ఏ మందూ పూయించకండి. నేల దగ్గర మొదలై రెండు మూడడుగుల ఎత్తు దాకా రంగు ఉబ్బి, తెల్లగా ఉప్పు పూస్తుంటే అది పునాది కింది నుంచి ఎక్కుతున్న తడి. పై మూల నుంచి మరకలు దిగుతుంటే స్లాబు. గోడ నడిమధ్యన, అవతల బాత్‌రూము ఉంటే, పైపు. ఇంకా అనుమానంగా ఉంటే అడుగు వెడల్పు, అడుగు పొడవున్న పాలిథిన్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులా గాలి పోకుండా టేపు వేయండి. రెండు రోజులయ్యాక చూడండి. గోడ వైపున్న మొహం మీద నీటిబొట్లు కనిపిస్తే తడి గోడలోంచే వస్తోంది. గది వైపు మొహం మీద ఉంటే అది గదిలో గాలాడక పట్టిన తేమ, కిటికీలు తెరిస్తే సగం పోతుంది. పదిరూపాయల బిళ్లతో ప్లాస్టరు మీద కొడుతూ పోండి. డొల్ల చప్పుడు వచ్చినంత మేరా సుద్దముక్కతో గీసి పెట్టండి. కొట్టేసి మళ్లీ పూయాల్సింది అంతే, గోడంతా కాదు.

స్లాబు పరీక్ష ఎండాకాలంలోనే కావాలి. కింది నుంచి చూసినప్పుడు పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తుంటే మాత్రం నీళ్లు నిలపకండి, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అలా లేకపోతే వాన గొట్టాలకు గోనెసంచి ముక్కలు కుక్కి రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలపండి. మీ స్లాబు 120 గజాలంటే ఇంచుమించు 100 చదరపు మీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది. మరునాడు కింద గది గదికీ తిరిగి తడి మచ్చ తేలినచోటల్లా గుర్తు పెట్టండి. చాలా ఇళ్లలో కారేది స్లాబు మధ్యలో కాదు. పిట్టగోడ స్లాబును కలిసే మూల, వాన గొట్టం మూతి చుట్టూ, ట్యాంకు దిమ్మెల కింద. పగుళ్లను వి ఆకారంలో కోసి పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపించాలి. పిట్టగోడ మూల వెంట గోలా (మూలను గుండ్రంగా మూసే సిమెంటు పట్టీ) కట్టించాలి. నీళ్లు గొట్టాల వైపు జారేలా వాటం సరిచేయించాలి. అప్పుడు ఫైబర్ జాలీ పరిచి తెల్లటి వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు, మొదటిది నిలువుకు వేస్తే రెండోది అడ్డానికి.

తెల్లటిదే ఎందుకంటే మన ఎండలు మీకు నేను చెప్పాలా? నల్లబారిన స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి గదుల్లోకి వదులుతుంది. తెల్ల పూత ఆ ఎండను తిప్పికొడుతుంది. ఇళ్ల కప్పులు చల్లబడాలనే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. కారకుండా చేయడం, చల్లబరచడం రెండూ ఒకే ఖర్చుతో అవుతాయి. ఫాల్స్ సీలింగ్ వేస్తే స్లాబు ఎక్కడ కారుతోందో మీకే కనపడదు. మరక బయటపడేసరికి లోపల బోర్డు నాని ఉంటుంది.

కింది నుంచి వచ్చే తడికి కారణం చాలాసార్లు వాకిట్లోనే ఉంటుంది. ముప్పై ఏళ్లలో మీ గల్లీలో రోడ్డు ఎన్నిసార్లు వేశారు? వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. పైగా వాకిట్లో మనమే మట్టి పోసి, గోడకు ఆనించి మొక్కలు పెట్టి, రోజూ నీళ్లు పోస్తాం. సుతారి దగ్గర లెవెల్ చూసే పారదర్శకపు పైపు ఉంటుంది. దాన్ని నీళ్లతో నింపి ఒక కొస రోడ్డు అంచున, ఒక కొస గడప దగ్గర పట్టించండి. రెండు కొసల్లో నీళ్లు సమంగా నిలిచిన గీత నుంచి కిందికి కొలిస్తే ఎవరు పైనున్నారో తెలిసిపోతుంది. మీ వాకిలి రోడ్డు కన్నా కిందుంటే, గేటు దగ్గర అడ్డంగా జాలీ మూతతో కాలువ తీసి నీటిని పక్కకు మళ్లించడమే మొదటి పని. గోడ చుట్టూ పెరిగిన మట్టిని బేస్‌మెంట్ మట్టానికి కనీసం అర అడుగు కిందికి తీయించి, అడుగున్నర వెడల్పున కంకర పరిపించండి. ఆ పట్టీలో మొక్క వద్దు. ఎస్టిమేట్‌లో ఉన్నట్టు పెరడంతా టైల్స్ వేస్తే మట్టం ఇంకా లేస్తుంది, వాన ఇంకే చోటు పోతుంది, ఆ నీళ్లు గోడ మొదలుకే చేరతాయి.

బావి దగ్గర మీ అత్తమ్మ మాటే నా మాట. పూడ్చొద్దు. 1 సెంటీమీటరు వాన పడితే మీ స్లాబు మీద వెయ్యి లీటర్లు పడ్డట్టు. ఒక గట్టి వాన 5 సెంటీమీటర్లు పడిందంటే 5 వేల లీటర్లు, కొంత పోయినా నాలుగు వేలకు తక్కువ కాదు. ఇప్పుడవి గొట్టంలోంచి దూకి గల్లీలోకి పోతున్నాయి, గల్లీ నుంచి ఎవరింట్లోకో పోతున్నాయి. ఊరికో చెరువు, చెరువు నుంచి చెరువుకు అలుగు కట్టుకున్న కాకతీయుల గడ్డ మీద ఉండి ఈ నీటిని వదిలేయడం నాకు మనసొప్పదు. వాన గొట్టాలన్నిటినీ ఒక పైపుకు కలిపి, మొదటి వాన మురికి బయటికి పోయేందుకు ఒక వాల్వు పెట్టించి, తర్వాతి నీళ్లు ఒక డ్రమ్ములో కంకర, దొడ్డు ఇసుక మీదుగా వడకట్టుకుని బావిలోకి దిగేలా చేయండి. దగ్గర్లో బోరుంటే దానికీ మేలే. ఏటా ఎండాకాలం చివర డ్రమ్ములో ఇసుక కడగాలి. సెప్టిక్ ట్యాంకు బావికి 15 మీటర్లన్నా దూరముండాలి, అంత జాగా మీకు ఉండకపోవచ్చు. అంతకన్నా దగ్గరుంటే ఆ నీళ్లు తాగడానికి వాడకండి. మొక్కలకు, కడుగుళ్లకు బాగుంటాయి. పిల్లలున్న వాళ్లు ఇల్లు చూడటానికి వస్తే బావిని చూసి భయపడతారు కాబట్టి బలమైన ఇనుప జాలీ మూత, దానికి తాళం తప్పనిసరి. మీ వారికి ఇంకో మాట చెప్పండి. ఎండాకాలంలో ట్యాంకర్లు కొనే గల్లీలో నీళ్లున్న బావి అమ్మకానికి అడ్డం కాదు.

తోటకు వద్దాం, నాకు ఇష్టమైనది ఇదే. కార్పెట్ లాన్ మన వేసవిలో చదరపు మీటరుకు రోజుకు ఐదారు లీటర్లు తాగుతుంది. ముందు 40 గజాలు వేశారనుకుంటే రోజుకు 200 లీటర్ల దాకా పోయాలి. ఒక వారం ఊరెళ్తే పసుపుబారుతుంది. ఫౌంటెన్ నడిపినన్నాళ్లు నడిపి ఆపేస్తారు, ఆగిన నీళ్లలో దోమలు పెరుగుతాయి. ఆ జాగాలో షాబాద్ బండలు పరిపించండి. కానీ సిమెంటు పోసి అతికించొద్దు. మొరం దిమ్మిస కొట్టి, దాని మీద ఇసుక పోసి, బండకు బండకు మధ్య రెండు వేళ్ల సందు వదిలి పేర్చాలి. సందుల్లో గరిక దానంతటదే వస్తుంది, నీళ్లు ఇంకుతాయి. గేటు నుంచి గడప దాకా, అక్కడి నుంచి బావి దాకా అత్తమ్మ పొద్దున నడిచే దారి మాత్రం సందుల్లేకుండా, సమంగా, గరుకు బండలతో చేయించండి. నున్నటి టైలు తడిస్తే జారుతుంది, ఆ వయసులో పడితే లేవడం కష్టం.

కోతుల సంగతి. వీటితో యుద్ధం చేసి గెలిచిన ఇల్లు నేను చూడలేదు. అవి తినేది పెట్టకపోవడమే దారి. జామ, బొప్పాయి, అరటి, టమాటా మర్చిపోండి, మీకు మిగలవు, పైగా కొమ్మలు విరిచి, ట్యాంకు మూత తీసి పోతాయి. నిమ్మ, వాక్కాయ, కరివేపాకు, పసుపు, అల్లం, కాకర పెద్దగా ముట్టవు. పువ్వుల్లో మల్లె, సన్నజాజి, నందివర్ధనం, పారిజాతం పెట్టండి. ఆకుకూరలు కావాలంటే ఇనుప చట్రానికి జాలీ కట్టించి 8 అడుగులకు 6 అడుగుల బోను చేయించండి. పాలకూర, మెంతి, కొత్తిమీర మీ నలుగురికి అందులోనే వస్తాయి. ఇల్లు మారితే విప్పి తీసుకెళ్లచ్చు.

పడమటి వైపు కిటికీలున్న గది సాయంత్రం కాలిపోతుంటుంది, అవునా? గోడకు పది పన్నెండు అడుగుల దూరంలో ఒక కానుగ పెట్టండి. మొండి చెట్టు, ఎండకు ఓర్చుకుంటుంది, చిక్కటి నీడ. నాలుగేళ్లకు కిటికీకి అడ్డం వచ్చేంత ఎదుగుతుంది. పెద్ద చెట్టు పడమర, దక్షిణం వైపే ఉండాలనీ, ఈశాన్యం ఖాళీగా ఉండాలనీ వాస్తు చూసేవాళ్లూ అంటారు కాబట్టి కొనేవాళ్లకూ పేచీ ఉండదు. వాస్తు పేరు చెప్పి ఇప్పుడు మెట్లు, గోడలు మార్పించే పని మాత్రం పెట్టుకోకండి. కొనేవాళ్లు వాళ్ల సిద్ధాంతిని తెచ్చుకుంటారు, ఆయన ఇంకోటి చెప్తాడు. రావి, మర్రి, కోనోకార్పస్ ఇంటి దగ్గర వద్దు. వేర్లు పైపులు వెతుక్కుంటూ పోతాయి.

మొక్కలన్నీ మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక నాటండి. రెండడుగుల గుంత ఎండల్లోనే తీసి ఆరనిచ్చి, ఎర్రమట్టి, బాగా మాగిన పెంట ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపాలి. ప్రహరీ వెంట ఒక పట్టీ బంతికి వదలండి. జూలైలో నారు పోస్తే బతుకమ్మకు పూలు ఇంట్లోవే. ఒక మూల తంగేడు కూడా పెట్టుకోండి, మొదటి ఏడాది దాటితే దానికి నీళ్లు పోసే పనుండదు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు గేటు తీయగానే కనిపించేది ఇది, టీవీ ప్యానెల్ కాదు.

లోపలి పనుల్లో మొదటిది వైరింగ్. 1994 నాటి తీగలు రెండు ఏసీల కోసం వేసినవి కావు. ఎర్తింగ్ ఉందో లేదో పరీక్ష చేయించి, ఏసీకి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, బోర్డులో షాకు కొట్టకుండా సరఫరా ఆపే ఆర్‌సీసీబీ పెట్టించండి. రంగులకు ముందే ఇది కావాలి, లేకుంటే వేసిన గోడను మళ్లీ కోయాల్సి వస్తుంది. బాత్‌రూములో గరుకు టైల్స్, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ. వంటింటి గట్టుకు గ్రానైట్ కావాలంటే దూరం పోనక్కర్లేదు, కరీంనగర్ టాన్ బ్రౌన్ మన పక్కనే దొరుకుతుంది. సింకు కింద అరలకు నీళ్లకు ఓర్చే ప్లైవుడ్డే వాడాలి, పార్టికల్ బోర్డు రెండు వానాకాలాలకే ఉబ్బుతుంది. కింద మొజాయిక్ ఉంటే దాని మీద టైల్స్ వేయకండి. మిషన్ పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా తేలుతుంది. ఆ కాలం ఇళ్లలో దర్వాజలు తరచూ టేకువే. మీవీ అవే అయితే రంగు గీకించి పాలిష్ చేయించండి. ఇప్పుడు అలాంటి కర్ర కొనాలంటే ఎంతవుతుందో ఒకసారి అడితిలో అడిగి చూడండి, వాటిని పీకించే ఆలోచన మళ్లీ రాదు.

అలంకారానికి పెట్టే డబ్బు మీతో వచ్చే వస్తువుల మీద పెట్టండి. కొత్తవాడ దుర్రీ (నేత తివాచీ) ఒకటి హాల్లో, పెంబర్తి ఇత్తడి పని ఒకటి పూజగదిలో, చేర్యాల బొమ్మ ఒకటి గోడకు. హైదరాబాద్ పోయినా అవి మీవే, గోడకు బిగించినవన్నీ కొన్నవాడివి.

డబ్బు లెక్క నేనైతే ఇలా వేస్తాను. స్లాబు, గోడలు, కాలువ, బావి పైపులకు 2 లక్షలు. వైరింగ్, బాత్‌రూము, వంటింటికి మూడు, మూడున్నర. పాలిష్, రంగులకు లక్షన్నర. తోటకు 50 వేలు. మిగిలింది ముట్టకండి. పాత ఇంట్లో గోడ కొట్టినప్పుడు లోపల ఏదో ఒకటి బయటపడుతుంది. గోడలను, గదులను కొలిచి చూసిన మేస్త్రీ చెప్పే రేటును బట్టి ఇవి అటూ ఇటూ కావచ్చు, వరుస మాత్రం మార్చొద్దు.

ఇది ఫిబ్రవరి కాబట్టి మీకు టైముంది. మార్చిలో నీళ్లు నిలిపి చూడటం, ఏప్రిల్, మే నెలల్లో స్లాబు, కాలువ, బావి పని. జూన్‌లో మొక్కలు. వానలు పడుతున్నన్నాళ్లు వారానికోసారి ఆ పాలిథిన్ ముక్క అదే గోడకు అంటించి చూస్తూ ఉండండి. దసరా నాటికి గోడ పొడిగా తేలితేనే పుట్టీ, రంగులు. ఎస్టిమేట్ ఇచ్చినతన్ని వదులుకోనక్కర్లేదు, వంటింటి అరల పని అతనికే ఇవ్వచ్చు. కాకపోతే ఇప్పుడు అడ్వాన్సు ఇవ్వకండి, ఒక వానాకాలం గడిచాక రమ్మనండి.